పాత సైకిల్ రిపేరుకి షాపుకెళ్ళాలా, కో-ఆప్ వర్క్‌షాపుకెళ్ళాలా?

పాతఫ్రేమ్:

అందరికీ నమస్తే. నాకో పాత స్టీల్ ఫ్రేమ్ సైకిల్ ఉంది, వెనక 8 స్పీడ్ క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ళ చక్రాల సెట్టు), మామూలు రిమ్ బ్రేకులు (చక్రం అంచుని, అంటే రిమ్‌ని, రబ్బరుతో పట్టేవి). రోజూ పనికి దాని మీదే పోతా, వేరే బండి లేదు, అందుకే ఈ విషయం నాకు కొంచెం సీరియస్. ఇప్పుడు మూడు ప్రాబ్లమ్స్ ఒకేసారి వచ్చి పడ్డాయి. గట్టిగా తొక్కితే చైన్ టక్కున జారుతోంది, ఎక్కుడులో అయితే మరీ భయం వేస్తోంది. కింద పెడల్స్ దగ్గర ఎక్కడో కిర్రు కిర్రుమని ఒకటే సౌండు. వెనక చక్రం కొంచెం వంకర తిరిగి ప్రతి చుట్టుకీ ఒకసారి బ్రేక్ రబ్బరుకి రాసుకుంటోంది.

దగ్గర్లో ఒక షాపుకి తీసుకెళ్తే ఆయన సైకిల్ ఎత్తి పెడల్ రెండు చుట్లు తిప్పి, చైను, క్యాసెట్, ముందు పళ్ళ చక్రాలు, బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ మధ్య ఫ్రేమ్‌లో ఉండే ఇరుసు, బేరింగులు) అన్నీ మార్చాలి, వెనక వీల్ కూడా కొత్తది వేయించుకుంటే మంచిది అన్నాడు. లెక్క వేస్తే ఇంకో సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనుక్కోవచ్చు. ఏదీ కొలిచి చూడలేదు, ఎందుకు మార్చాలో అడిగితే పాతదయింది కదా అన్నాడు, అంతే.

ఇంకో పక్క ఒక కో-ఆప్ వర్క్‌షాప్ ఉంది. మెంబర్లంతా కలిసి నడుపుకునేది, స్టాండ్లు, టూల్స్ వాళ్ళవి, పని మాత్రం మనమే చేసుకోవాలి, పక్కన వాలంటీర్ ఉండి చూపిస్తారు. పాత పార్ట్స్ డబ్బాలనిండా ఉంటాయట. కానీ వారానికి రెండు సాయంత్రాలే తెరుస్తారు, నాకేమో పంచర్ వేయడం తప్ప ఇంకేమీ రాదు. మధ్యలో విప్పి కూర్చుంటే పొద్దున్నే పనికెలా వెళ్ళాలి అని భయం. మీరైతే ఏం చేస్తారు? రెండూ వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే ఏ పనికి ఎక్కడికెళ్తారో చెప్పండి ప్లీజ్.

గ్రీజుచేతులు:

నేను షాపులో మెకానిక్‌ని, చాలా ఏళ్ళ నుంచి ఇదే పని, కాబట్టి షాపు వైపు నుంచి చెప్తా. కానీ ముందు ఒక మాట, స్కేల్ కూడా పెట్టకుండా చైన్ అరిగిపోయింది అని చెప్పడం నేను ఒప్పుకోను. కొలవడానికి అర నిమిషం పట్టదు. మీరే ఇంట్లో చూడండి, అంగుళాల స్కేల్ తీసుకుని చైన్ టైట్‌గా ఉన్న చోట ఒక పిన్ను మధ్యలో గీత పెట్టండి (స్కేల్ అంచు నుంచి కాకుండా 1 అనే గీత నుంచి మొదలుపెడితే తప్పు రాదు), అక్కడి నుంచి సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. ఆ పిన్ను 1/16 అంగుళం దాకా ముందుకి జరిగి ఉంటే చైన్ మార్చే టైం వచ్చినట్టు. 1/8 దాటితే మాత్రం క్యాసెట్ పళ్ళు కూడా దానితో పాటే అరిగిపోయి ఉంటాయి, కొత్త చైన్ ఒక్కటే వేస్తే జారుతుంది.

ఇక్కడే షాపువాళ్ళ బాధ కూడా కొంచెం అర్థం చేసుకోవాలి. కస్టమర్ చైన్ ఒక్కటే చాలు అంటాడు, మేం వేస్తాం, పాత పళ్ళ మీద కొత్త చైన్ కూర్చోదు, మర్నాడు పొద్దున్నే వచ్చి మీరే పాడుచేశారు అంటాడు. ఇలా రెండు మూడు సార్లు తిట్లు తిన్నాక కొంతమంది అసలు గొడవే వద్దని మొత్తం సెట్ మార్చమని చెప్పడం అలవాటు చేసుకుంటారు. అది కరెక్ట్ అనట్లేదు, ఎందుకు జరుగుతుందో చెప్తున్నా.

పాత సైకిల్ బాటమ్ బ్రాకెట్ కూడా అంతే, పది నిమిషాల్లో ఊడి రావచ్చు, తుప్పు పట్టి ఫ్రేమ్‌లో అతుక్కుపోయుంటే సాయంత్రం దాకా దాంతోనే సరిపోవచ్చు, విప్పేదాకా మాకూ తెలీదు. అందుకే రేటు కొంచెం ఎక్కువే చెప్తారు.

మీరు చేయాల్సింది ఏంటంటే షాపుకి వెళ్ళి "ఏం కొలిచారు, ఎంత వచ్చింది, అది మార్చకపోతే ఏమవుతుంది" అని అడగండి. మంచి మెకానిక్ అయితే గేజ్ (చైన్ అరుగుదల కొలిచే టూల్) పెట్టి మీ కళ్ళ ముందే చూపిస్తాడు. చూపించడానికి ఇష్టపడని చోట పని ఇవ్వకండి, ఇంకో షాపుకి వెళ్ళండి. ఒక్క షాపు చూసి షాపులన్నీ ఇంతే అనుకోవద్దు.

కిర్రు సౌండు గురించి కూడా చెప్తా, బాటమ్ బ్రాకెట్ దగ్గర్నుంచి వస్తున్నట్టు వినిపించే సౌండ్లలో చాలావరకు అక్కడివి కావు. ఫ్రేమ్ గొట్టాల్లోంచి సౌండు ప్రయాణం చేస్తుంది, ఎక్కడ పుట్టిందో చెవికి తెలీదు. సీటు మీంచి లేచి నిలబడి తొక్కండి, సౌండు ఆగిపోతే అది సీటు దగ్గరో సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) దగ్గరో ఉన్నట్టు. ఆగకపోతే పెడల్స్ విప్పి మరలకి గ్రీజు పెట్టి బిగించి చూడండి, ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుంది అది గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత క్రాంక్ (పెడల్ తగిలించిన చెయ్యి) బోల్టులు, పళ్ళ చక్రం బోల్టులు. ఇవన్నీ అయ్యాకే బాటమ్ బ్రాకెట్ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఖాళీస్టాండు:

పైన అన్న చెప్పిన ప్రతి మాటా కరెక్ట్. నేను ఒక కో-ఆప్‌లో వాలంటీర్‌ని, మా వైపు కూడా చెప్తా.

మొదట మీ భయం గురించి. పంచర్ తప్ప ఏమీ రాదు అన్నారు, మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అలానే వస్తారు, కొంతమందికి అదీ రాదు. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. కానీ రిపేర్ చేసి ఇస్తారు అనుకుని మాత్రం రావద్దు, మేం పానా మీ చేతికే ఇస్తాం, ఎటు తిప్పాలో చెప్తాం. షాపులో అరగంటలో అయ్యే పని మీకు రెండు మూడు గంటలు పడుతుంది. ఆ టైం ఉన్నవాళ్ళకే కో-ఆప్ చవక, టైం లేనివాళ్ళకి షాపే చవక. ఇంకోటి, తెరిచిన వెంటనే రండి, మూసే ముందు గంట మిగిలుండగా వచ్చి బాటమ్ బ్రాకెట్ విప్పుతా అంటే మేమే వద్దంటాం, ఎందుకంటే సైకిల్ సగంలో ఆగిపోతే మీరు నడుచుకుంటూ పోవాలి.

అసలు కో-ఆప్ విలువ మొత్తం ఆ పార్ట్స్ డబ్బాల్లోనే ఉంది అని నా నమ్మకం. ఈరోజు షాపుల్లో దొరకనివి, కంపెనీలు తయారు చేయడం మానేసినవి మా దగ్గర ఉంటాయి. పాత 1 అంగుళం మరల హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) కప్పులు, పాత క్రాంకుల్ని ఇరుసుకి బిగించే కాటర్ పిన్నులు, పాత హ్యాండిల్ స్టెమ్ములు, ఇప్పుడెవరూ అమ్మని ఫ్రీవీల్స్ విప్పే టూల్స్. షాపుకి కొత్త సరుకు మీద బతుకు, వాళ్ళు ఇలాంటివి స్టాక్ పెట్టుకుని కూర్చోలేరు, వాళ్ళ తప్పేం లేదు. నిజానికి మా డబ్బాల్లోకి వచ్చేదాంట్లో చాలా భాగం షాపులు ఇచ్చిందే, కొత్త సైకిల్ కొన్నవాళ్ళు సీటు, పెడల్స్ మార్పించుకుంటే తీసేసినవి మాకు పంపిస్తారు. మేం కూడా మా వల్ల కాని పని వస్తే పలానా షాపుకి వెళ్ళండి అని పంపిస్తాం. రెండిటికీ పోటీ ఉందనుకుంటారు జనం, నేను చూసినంతవరకు లేదు.

మీ 8 స్పీడ్ క్యాసెట్‌కి ఒక విషయం చెప్పాలి, ఇది షాపులో ఎవరూ చెప్పరు ఎందుకంటే వాళ్ళకి అంత టైం పెట్టడం గిట్టుబాటు కాదు. క్యాసెట్ పళ్ళ చక్రాలన్నీ ఒకేలా అరగవు, మీరు రోజూ వాడే ఒకటి రెండు మాత్రమే అరుగుతాయి. చాలా 8 స్పీడ్ క్యాసెట్లలో చిన్న చక్రాలు విడివిడిగా ఊడి వస్తాయి, పెద్దవి మాత్రం రివెట్ చేసి కలిసి ఉంటాయి. జారేది చిన్న చక్రం అయితే, పారేసిన ఇంకో 8 స్పీడ్ క్యాసెట్‌లోంచి అన్నే పళ్ళున్న బాగున్న చక్రం తీసి వేసుకోవచ్చు. అదే కంపెనీది, అదే స్పీడ్‌ది చూసుకోండి. హబ్ (చక్రం మధ్య భాగం) మీది గాడుల్లో ఒకటి వెడల్పులో తేడాగా ఉంటుంది, అందుకని చక్రం ఒకే పొజిషన్‌లో కూర్చుంటుంది, తప్పు పెట్టే ఛాన్స్ తక్కువ.

డబ్బాల్లోంచి ఏం తీసుకోకూడదో కూడా చెప్పాలి. పాత చైన్ వద్దు, పాత హెల్మెట్ అసలే వద్దు, దానికి ముందు దెబ్బ తగిలిందో లేదో పైకి కనపడదు. కార్బన్ హ్యాండిల్, కార్బన్ ఫోర్క్, కార్బన్ సీట్‌పోస్ట్ కూడా అంతే, లోపల చీలిక ఉంటే ఒకరోజు హఠాత్తుగా విరుగుతుంది. పక్కలు పగిలిన టైర్లు, రాయిలా గట్టిపడిన బ్రేక్ రబ్బర్లు వద్దు. ఇవన్నీ షాపులో కొత్తవి కొనండి. రిమ్ బ్రేక్ సైకిల్‌కి పాత వీల్ తీసుకునేటప్పుడు రిమ్ పక్క మీద వేలు రాయండి, లోపలికి గుంటలా తగిలితే ఆ రిమ్ అరిగిపోయింది, గాలి ప్రెషర్‌కి పక్క విచ్చుకుంటుంది.

సైజులు కంటితో నమ్మవద్దు. 26 అంగుళాలు అని రాసున్న టైర్లలోనే రకాలున్నాయి, ఒకటి 559, ఇంకోటి 590, ఒకదాని టైర్ రెండోదానికి పట్టదు. టైర్ పక్కన 37-590 లాగా చిన్న అక్షరాల్లో ఉండే నంబర్ చూడండి, అందులో రెండోది రిమ్ మీద టైర్ కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. సీట్‌పోస్ట్ కూడా 27.2 మిల్లీమీటర్లకి బదులు 27.0 పెడితే మొదట పట్టినట్టే ఉంటుంది, తర్వాత జారుతూనే ఉంటుంది, సౌండు కూడా చేస్తుంది. షెల్డన్ బ్రౌన్ అని ఒక మెకానిక్ ఉండేవారు, 2008లో పోయారు, ఆయన వెబ్‌సైట్‌లో పెట్టిన టైర్ సైజుల వివరాలు, బాటమ్ బ్రాకెట్ మరల వివరాలు మేం ఇప్పటికీ చూసుకుంటాం.

మూడోగేర్:

నాది వేరే అనుభవం, అది కూడా చెప్పకపోతే ఈయనకి ఒక వైపే తెలుస్తుంది. నేను ఒక కో-ఆప్‌లో అల్యూమినియం ఫ్రేమ్ సైకిల్‌కి బాటమ్ బ్రాకెట్ మార్చుకున్నా. ఆరోజు పక్కన ఉన్న వాలంటీర్ మంచి మనిషే, ఓపికగా చెప్పాడు, కానీ ఆయనకి అంత అనుభవం లేదని తర్వాత అర్థమయింది. ఫ్రేమ్‌లోకి మరలతో ఎక్కే దాని కప్పు వంకరగా ఎక్కింది, గట్టిగా వస్తోంది కదా పాత ఫ్రేమ్‌కి అలానే ఉంటుంది తిప్పండి అన్నాడు, నేను పొడుగు పానాతో తిప్పేశా. ఫ్రేమ్ లోపలి మరలు తెగిపోయాయి. మూడు వారాలు సైకిల్ మూలన పడింది. చివరికి ఒక షాపులో ట్యాప్ (మరలు కోసే టూల్) పెట్టి మరలు మళ్ళీ శుభ్రంగా కోసి, కొత్త కప్పు వేసి ఇచ్చారు, ఇంకొంచెం తెగి ఉంటే ఫ్రేమ్ పారేయాల్సిందే అన్నారు.

షాపులో అలా జరిగి ఉంటే వాళ్ళు బాధ్యత తీసుకోవాలి, తీసుకోకపోతే నిలబడి అడగొచ్చు. కో-ఆప్‌లో పానా పట్టుకుంది నా చెయ్యి, ఎవర్ని అడుగుతా? ఆ వాలంటీర్ చాలా బాధపడ్డాడు, జీతం లేకుండా తన సాయంత్రం నాకోసం పెట్టిన మనిషిని ఏమనగలను. అందుకే నా లెక్క ఇదీ, తప్పు చేస్తే పోయేది చిన్న పార్ట్ అయితే కో-ఆప్‌లో నేనే చేసుకుంటా, తప్పు చేస్తే పోయేది ఫ్రేమో నా నోట్లో పళ్ళో అయితే షాపుకి డబ్బులిచ్చి చేయిస్తా. కేబుళ్ళు, చైను, బ్రేక్ రబ్బర్లు, హబ్ గ్రీజు పనులు నేనే చేసుకుంటా ఇప్పుడు, అవన్నీ ఆ కో-ఆప్‌లోనే నేర్చుకున్నా, ఆ మాట కూడా చెప్పాలి.

ఖాళీస్టాండు:

మూడోగేర్ గారూ, మీకు జరిగింది విని నిజంగా బాధేసింది. వాలంటీర్లందరికీ ఒకే స్థాయి పని రాదు, ఇది మా వ్యవస్థలో ఉన్న నిజమైన లోపం, దాచిపెట్టను. అందుకే మా దగ్గర బాటమ్ బ్రాకెట్ పని సీనియర్ ఉన్నప్పుడే చేయనిస్తాం. మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిరగాలి, చేత్తో తిరక్కపోతే పానా ముట్టుకోకూడదు. పాతఫ్రేమ్ గారూ, కో-ఆప్‌కి వెళ్ళినప్పుడు "ఈ పని మీరు ఇంతకు ముందు ఎన్నిసార్లు చేశారు" అని అడగడానికి మొహమాటపడకండి. మంచివాళ్ళెవరూ తప్పుపట్టరు.

ఇంకో మాట, ఎక్కువ సైకిళ్ళలో బాటమ్ బ్రాకెట్ కుడివైపు కప్పు మర ఉల్టా ఉంటుంది, పెడల్స్‌కేమో ఎడమవైపుది ఉల్టా. పాత ఇటాలియన్ సైకిళ్ళకి మాత్రం రెండు కప్పులూ మామూలు మరలే. ఇది తెలీక విప్పబోయి ఇంకా బిగించేసినవాళ్ళు బోలెడుమంది.

సాయంత్రంరైడ్:

మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాది ఈ-సైకిల్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. లివర్ మెత్తగా లోపలికి పోతోంది. కో-ఆప్‌లో చేయించుకోవచ్చా?

గ్రీజుచేతులు:

ముందు వాళ్ళకి ఫోన్ చేసి అడగండి. చేస్తామన్నా బ్రేక్ లివర్ మీద మోడల్ పేరు చూసి ఏ ఆయిల్ వాడాలో ఖాయం చేసుకున్నాకే ముట్టుకోండి. కొన్నిటికి మినరల్ ఆయిల్, కొన్నిటికి డాట్ ఫ్లూయిడ్ (ఇంకో రకం బ్రేక్ ద్రవం), షిమానో వాటికి మినరల్. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి, మొత్తం బ్రేక్ మార్చాల్సి వస్తుంది. పది మంది వాడే టేబుల్ మీద లేబుల్ ఊడిపోయిన సీసాతో ఈ పని చేయడం నాకిష్టం లేదు. డిస్క్ మీద, ప్యాడ్ మీద ఒక్క చుక్క పడినా బ్రేక్ పట్టదు.

మోటారు, బ్యాటరీ పనైతే ఆ బ్రాండ్ సర్వీస్ ఉన్న షాపుకే వెళ్ళండి, లోపం ఏంటో చూడ్డానికే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి చాలావాటికి. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ అయితే మంట అంటుకునే ప్రమాదం ఉంది, అది ఎవరూ సరదాగా విప్పి చూసేది కాదు. వారంటీలో ఉన్న కొత్త సైకిల్ ఏదైనా సరే ముందు కొన్న షాపుకే, వేరేచోట విప్పారంటే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టొచ్చు.

పాతఫ్రేమ్:

అందరికీ చాలా థ్యాంక్స్, వారం రోజులైంది, ఏమైందో చెప్పకపోతే బాగోదు కదా అని రాస్తున్నా.

స్కేల్ పెట్టి కొలిచా, 1/16 దాటింది కానీ 1/8 కి చాలా దూరంలో ఉంది. లేచి నిలబడి తొక్కితే కిర్రు సౌండు మాయం. సీట్‌పోస్ట్ బయటికి తీసి తుడిచి, లోపల తుప్పు పొడి దులిపి, గ్రీజు రాసి పెట్టా, అంతే, ఆ సౌండు మళ్ళీ రాలేదు. ఏ బాటమ్ బ్రాకెట్ మార్చాలన్నారో దానికి అసలు ఏమీ కాలేదు. ఇది తెలిసినప్పుడు కోపం వచ్చింది, ఎందుకంటే నేను డబ్బు కట్టడానికి దాదాపు సిద్ధమైపోయా.

తర్వాత ఇంకో షాపుకి వెళ్ళా, గ్రీజుచేతులు అన్న చెప్పినట్టు ఏం కొలుస్తారు అని అడిగా. అక్కడి మెకానిక్ ఒకామె, గేజ్ పెట్టి చూపించింది, చైన్ ఒక్కటి మార్చి చూద్దాం, జారితే అప్పుడు క్యాసెట్ సంగతి చూద్దాం అంది. కొత్త చైన్ అక్కడే కొన్నా. వెనక చక్రం చూసి స్పోక్ ఒకటి విరిగింది అది కూడా క్యాసెట్ వైపు, క్యాసెట్ విప్పితేగానీ కొత్తది పట్టదు అంది. వెనక చక్రంలో ఆ వైపు స్పోకులకే ఎక్కువ టెన్షన్ ఉంటుందట, అందుకే అవే ముందు విరుగుతాయట. ఒక్కటే విరిగింది కాబట్టి కొత్త వీల్ అక్కర్లేదు, వరసగా విరుగుతూ ఉంటే మాత్రం మిగతావి కూడా అలిసిపోయినట్టు లెక్క, అప్పుడు మొత్తం మళ్ళీ అల్లించుకో అని చెప్పింది.

చైన్ మాత్రం కో-ఆప్‌కి తీసుకెళ్ళి నేనే వేసుకున్నా, పాత చైన్ పక్కన పెట్టి లింకులు లెక్కపెట్టి కోశా. రెండున్నర గంటలు పట్టింది. ఖాళీస్టాండు గారు చెప్పినట్టే నేను రోజూ వాడే చిన్న చక్రం ఒక్కదాని మీదే జారింది. డబ్బాలో నాలుగు పాత క్యాసెట్లు వెతికి అదే 13 పళ్ళ చక్రం అరగనిది పట్టుకుని వేశాం. ఆ ఎక్కుడు నిన్న నిలబడి తొక్కుకుంటూ ఎక్కేశా, ఒక్కసారి కూడా జారలేదు!

వీల్ ఆ షాపులోనే ఇద్దామనుకుంటున్నా. కో-ఆప్‌లో కూడా వీల్ స్టాండ్ ఉంది, నేర్పిస్తాం అన్నారు, కానీ రోజూ ఎక్కే సైకిల్ వెనక చక్రం మీద మొదటిసారి నేర్చుకోవడం ఇష్టం లేదు. తప్పంటారా?

ఖాళీస్టాండు:

అస్సలు తప్పు కాదు, షాపుకివ్వండి. నేర్చుకోవాలని ఉంటే మా దగ్గరలాగే అక్కడా పారేయబోయే పాత వీల్స్ ఉంటాయి, అడిగి ఒకటి తీసుకుని దాని మీద చేయి తిప్పండి, నిపుల్ (స్పోక్ చివర రిమ్ దగ్గరుండే చిన్న నట్టు) ఒకసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పొద్దు. అది పాడైనా ఎవరికీ నష్టం లేదు.

గ్రీజుచేతులు:

వీల్ ఇచ్చేటప్పుడు క్యాసెట్ విప్పాల్సి వస్తుంది కదా, అప్పుడే హబ్ బేరింగుల్లో గ్రీజు ఎలా ఉందో చూడమని చెప్పండి, మళ్ళీ విడిగా విప్పే పని తప్పుతుంది. స్పోక్ మార్చాక ఒక వారం తొక్కి, బ్రేక్ రబ్బరుకీ రిమ్‌కీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందో లేదో చూసుకోండి, కొంచెం తేడా వస్తే తీసుకెళ్తే మళ్ళీ సరిచేసి ఇస్తారు. ఆ మాట వీల్ ఇచ్చేటప్పుడే అడిగి పెట్టుకోండి.